తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా?

పెరటిజామ:

అందరికీ నమస్కారం అండి. చాలా రోజుల్నుంచి అడగాలనుకుంటున్నా. మా ఇంట్లో మూడేళ్లుగా చెత్త వేరు చేస్తున్నాను. ఆకుపచ్చ బకెట్లో కూరగాయల తొక్కలు, మిగిలిపోయిన అన్నం, టీ పిప్పి, నీలం బకెట్లో కాగితాలు, అట్టపెట్టెలు, బాటిళ్లు, కవర్లు. పాల ప్యాకెట్లయితే లోపల కాసిని నీళ్లు పోసి కడిగి, ఆ కడిగిన నీళ్లు మొక్కకి పోసి, ప్యాకెట్లని బాల్కనీలో బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తాను. మా అత్తగారు రోజూ అంటూనే ఉంటారు, కవర్లు ఆరేసుకునే ఇల్లు ఇదొక్కటే చూశానమ్మా అని. నేను పట్టించుకోలేదు, మంచి పనే చేస్తున్నా కదా అని నా ధీమా.

మామూలుగా మా వాచ్‌మన్ భార్య ఫ్లాట్లన్నీ తిరిగి చెత్త తీసుకెళ్తుంది. మొన్న మంగళవారం ఆవిడ ఊరెళ్తే నేనే రెండు బకెట్లూ పట్టుకుని కిందకి దిగా. చెత్త ఆటో అబ్బాయి నా కళ్లెదురుగానే రెండూ ఒకే కుప్పలో దిమ్మరించేశాడు. అదేంటి బాబూ కష్టపడి వేరు చేసి ఇస్తుంటే అంటే, "అక్కడికెళ్లాక అన్నీ కలిసేవే కదమ్మా" అన్నాడు. ఆ పిల్లాడి మీద కోపం కూడా రాలేదండి, పొద్దున్న 5 గంటలకి లేచి మా అందరి కంపు మోస్తున్నాడు, అతన్నేమంటాం. కానీ మెట్లెక్కి పైకొస్తుంటే కాళ్లు లాగేశాయి. మూడేళ్లు ఇదేనా నేను చేసింది అనిపించింది.

రోజుకి ఒక 15 నిమిషాలు పడుతుంది ఈ పనికి, పైగా నీళ్లు. మా ఆయన ఇక మానెయ్ అంటున్నారు, మా అమ్మాయేమో ఆరో క్లాసు, స్కూల్లో దీని మీదే చార్టు గీసింది, దానికి ఏం చెప్పాలో తెలియట్లేదు. అసలు ఇంట్లో మనం వేరు చేసిన దాంట్లో నిజంగా మళ్లీ వాడుకలోకి వచ్చేది ఏంటి, రానిది ఏంటి? తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, బాధపడను.

కాటాకొట్టు:

అమ్మా, మాది గోదావరి వైపు చిన్న టౌను, మా నాన్నగారిది గుజిరీ కొట్టు, అంటే పాత ఇనుము, పేపర్లు, సీసాలు కొనే షాపు. 30 ఏళ్ల పైనే అయింది. నేను ఇప్పుడు వేరే ఉద్యోగం చేస్తున్నా గానీ చిన్నప్పట్నుంచి ఆ కాటా దగ్గరే పెరిగాను కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

ముందు ఒకటి అడుగుతా. ఆ ఆటోకి పక్కల గోనె సంచులు వేలాడుతున్నాయా లేదా చూశారా? ఈసారి చూడండి. చాలా ఆటోలకి రెండో మూడో కట్టి ఉంటాయి. పైకి అంతా కలిపేసినట్టే కనపడుతుంది, దారిలో ఆగినప్పుడల్లా అందులోంచి బాటిళ్లు, అట్టలు, పాల ప్యాకెట్లు ఏరి ఆ సంచుల్లో వేసుకుంటారు, సాయంత్రం మాలాంటి కొట్టుకి తెస్తారు. వాళ్లకొచ్చే జీతం మీద అది పైన దొరికే నాలుగు డబ్బులు. కాబట్టి మీరు కడిగి ఆరేసిన ప్యాకెట్ వృథా పోయిందని నేననుకోను. పాలు అంటుకున్న ప్యాకెట్ రెండు రోజులకే పులిసి కంపు కొడుతుంది, దాన్ని మేము తీసుకున్నా రేటు తగ్గిస్తాం, పొడిగా ఉన్నది వెంటనే తూకం వేస్తాం. ఇంకో మాట, ప్యాకెట్ మూల కత్తిరించినప్పుడు ఆ చిన్న ముక్కని పూర్తిగా తెంచకండి, అలా వేలాడేట్టు ఉంచండి. తెగిపోయిన ముక్క గోరంత ఉంటుంది, దాన్ని ఎవరూ ఏరలేరు, అది కాలవలోకే.

ఏవి నిజంగా మళ్లీ తయారవుతాయి అంటే, ఇనుము, రాగి, ఇత్తడి, అల్యూమినియం వీటికి ఢోకా లేదు, ఎన్నిసార్లు కరిగించినా మళ్లీ అదే లోహం. అట్టలు, న్యూస్ పేపర్లు, నోటుబుక్కులు పోతాయి, కానీ తడవకూడదు, నూనె అంటకూడదు. సాంబారు ఒలికిన అట్టపెట్టె ఎవడూ కొనడు. బిల్లు కాగితాలు ఉంటాయి చూడండి, గోరుతో గీస్తే నల్లగా గీత పడేవి, అవి పేపర్లో కలపకండి, వాటికి రసాయనం పూత ఉంటుంది. నీళ్ల బాటిళ్లు, కూల్‌డ్రింక్ బాటిళ్లకి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. బాటిల్ ఒక రకం ప్లాస్టిక్, మూత వేరే రకం. రీసైక్లింగ్ యూనిట్‌లో వీటిని ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో వేస్తే బాటిల్ ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలతాయి, అలా విడిపోతాయి. చిన్నప్పుడు నాన్న నన్ను ఒకసారి అలాంటి యూనిట్‌కి తీసుకెళ్తే ఆ తొట్టి దగ్గరే గంటసేపు నిలబడిపోయా. ఆ బాటిల్ ముక్కలే తర్వాత దారంగా మారి టీషర్టుల్లోకి, దిండ్లలోకి వెళ్తాయి. షాంపూ డబ్బాలు, బకెట్లు, మగ్గులు, విరిగిన కుర్చీలు కూడా పోతాయి.

పోనివి కూడా చెప్పాలి. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు, షాంపూ సాషేలు, లోపల వెండి రంగులో మెరిసేవన్నీ మేము తీసుకోం, అందులో ప్లాస్టిక్, రేకు పొరలు పొరలుగా అతికి ఉంటాయి, విడదీయడం కుదరదు. కొన్ని చోట్ల సిమెంట్ ఫ్యాక్టరీ కొలిమిలో బొగ్గుకి బదులు తగలబెడతారు, అంతే, దాన్ని రీసైక్లింగ్ అనలేం. థర్మోకోల్ ఆటో నిండా వేసుకొచ్చినా తూకం రాదు.

ఒక్క రిక్వెస్ట్. బ్లేడ్లు, పగిలిన గాజు ముక్కలు దయచేసి విడిగా మందపాటి కాగితంలో చుట్టి, వాడేసిన ఇంజెక్షన్ సూదులు గట్టి డబ్బాలో పెట్టి మూత బిగించి, పైన పెన్నుతో రాసి ఇవ్వండి. మా నాన్న కుడిచేతి చూపుడువేలు పూర్తిగా వంగదు. కవర్లో చుట్టి పడేసిన గాజు గ్లాసు ముక్క, నరం తెగింది. పిల్లల డైపర్లు, ప్యాడ్లు కూడా అంతే, కాగితంలో చుట్టి ఇవ్వండి. మీ చెత్తని ఏదో ఒక దశలో ఒక మనిషి వట్టి చేత్తో కెలుకుతాడు, ఆ సంగతి గుర్తుంటే చాలు.

లెక్కలమాస్టారు:

కాటాకొట్టు గారు అనుభవం మీద చెప్పారు, చాలా మంచి విషయాలు. నేను కొంచెం వేరే వైపు నుంచి మాట్లాడతా. రిటైరయ్యాక ఖాళీగా ఉండి ఒక వారం మా ఇంటి చెత్త తూకం వేశాను. నలుగురం ఉంటాం. గ్యాస్ సిలిండర్ తూచుకోడానికి కొన్న కొక్కెం కాటాతోనే. ఏడు రోజులకి తడి చెత్త 6 కిలోల 200 గ్రాములు, పొడిది కిలోన్నర, అందులో గుజిరీకి పోయేది 900 గ్రాములు. అంటే అమ్మా, మీరు 15 నిమిషాలు పెట్టి కడిగి ఆరేసేది మొత్తం చెత్తలో ఎనిమిదో వంతు లాంటిది. అసలు బరువంతా తడి చెత్తదే. కాబట్టి ఉపయోగం ఉందా అనే ప్రశ్నకి జవాబు దేని గురించి అడుగుతున్నారో దాన్ని బట్టి ఉంటుంది.

అల్యూమినియం అయితే కళ్లు మూసుకుని వేరు చేయండి. ఖనిజం నుంచి కొత్తగా తీసేదానికంటే పాతది కరిగిస్తే దాదాపు 95 శాతం కరెంటు మిగులుతుంది. విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వొద్దని అక్కడి గిరిజనులు ఎన్నేళ్లు పోరాడారో మనకి తెలుసు కదా, ఆ బాక్సైట్ నుంచి వచ్చేదే ఈ లోహం. అందుకని అల్యూమినియం డబ్బా, పాత సత్తు గిన్నె ఎప్పుడూ చెత్తలో పడేయకండి. కాగితం అలా కాదు, ఒక్కోసారి తిరిగి తయారయ్యేటప్పుడు పీచు పొట్టిదైపోతుంది, ఐదారు సార్లు దాటితే పనికిరాదు. ప్లాస్టిక్ సంగతి ఇంకా తక్కువ, బాటిల్ మళ్లీ బాటిల్ అవ్వడం తక్కువే, చాలాసార్లు ఒక మెట్టు కిందకే దిగుతుంది, టీషర్టు అయ్యాక ఆ టీషర్టుని ఇంక ఎవరూ ఏమీ చేయరు.

అందుకే నేను చెప్పేది, కడగడం మీద పెట్టే శ్రద్ధలో సగం అసలు ఇంటికి రానివ్వకుండా చూడటం మీద పెట్టండి. మా వీధి చివర కర్రీ పాయింట్ ఉంది. సాయంత్రం 7 అయితే చాలు అందరూ క్యూ. పొగలు కక్కే పప్పు, సాంబారు పల్చటి కవర్లో పోసి మూతి గిర్రున తిప్పి దారంతో కడతాడు, ఆ కవరు వేడికి మెత్తబడి చేతికి అంటుకుంటుంది. ఒక్కో ఇంటికి నాలుగు కవర్లు, పైన ఒక క్యారీబ్యాగు. ఆ నూనె కవర్లు ఏ గుజిరీ కొట్టూ తీసుకోదు, మీరు సబ్బు పెట్టి తోమినా జిడ్డు పోదు. నేను నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ తీసుకెళ్లడం మొదలుపెట్టా. మొదట్లో అతను కొలత తెలీదు మాస్టారూ అని నసిగాడు, కవర్లో పోసి చూపించి గిన్నెలో గీత ఎక్కడికొస్తుందో ఇద్దరం కలిసి చూసుకున్నాం. ఇప్పుడు నన్ను చూడగానే గరిటె ఎక్కువే వేస్తాడు. 2022 జూలై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ స్పూన్లు, కప్పులు లాంటివి నిషేధం, ఆ డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులు వాడకూడదు అని రూలు కూడా ఉంది. మా సంతలో ఈ రోజుకీ పల్చటి కవర్లే ఇస్తున్నారు. మనం చేతిసంచి పట్టుకెళ్తే తప్ప ఆగదు.

పెరటిజామ:

కాటాకొట్టు గారూ, నాన్నగారి వేలు సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయానండి. మా ఇంట్లో బ్లేడ్లు ఇన్నాళ్లూ టూత్‌పేస్ట్ డబ్బాలో పెట్టి పడేసేవాళ్లం, ఈ రోజే పాత హార్లిక్స్ సీసా ఒకటి పక్కన పెట్టా. మాస్టారూ, బరువంతా తడి చెత్తదే అంటే మరి దాన్ని ఏం చేయాలి? ఫ్లాట్‌లో కంపోస్టు అంటే కంపు, పురుగులు అని భయం. ఒకసారి ట్రై చేశా, బకెట్‌లో తొక్కలు వేసి మూత పెట్టా, వారానికి తీస్తే తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి, మొత్తం తీసుకెళ్లి పారబోశా.

మిద్దెతోటలక్ష్మి:

అయ్యో పారబోశారా, ఆ పురుగులు మంచివేనండి! అవి ఏమీ చేయవు, పైగా చెత్తని మీకన్నా నాకన్నా తొందరగా తినేస్తాయి. కాకపోతే చూడ్డానికి ఒళ్లు జలదరిస్తుంది, నిజమే, నాకూ మొదట్లో అలాగే ఉండేది. మీరు చేసిన పొరపాటు ఒక్కటే, తొక్కలు మాత్రమే వేసి మూత బిగించారు. దానికి గాలి లేదు, పొడి సరుకు లేదు, నీరు దిగడానికి దారి లేదు, అందుకే కుళ్లింది. కంపోస్టు కుళ్లకూడదు, మాగాలి.

నేను ఆరేళ్లుగా చేస్తున్నా, రెండో అంతస్తు ఫ్లాట్, బాల్కనీ నాలుగడుగులు. ఒక మట్టి కుండ తీసుకోండి, లేదంటే పాత పెయింట్ బకెట్ అయినా సరే, చుట్టూ, అడుగున చిల్లులు పెట్టండి, కింద ఒక ప్లేటు. అడుగున గుప్పెడు కొబ్బరి పీచు. తర్వాత ఒక గిన్నెడు తడి చెత్త వేస్తే, దానికి రెండింతలు ఎండుటాకులు గానీ కొబ్బరి పొట్టు గానీ చింపిన అట్టముక్కలు గానీ పైన కప్పాలి, తొక్క ఒక్కటి కూడా బయటికి కనపడకూడదు. అంతే రహస్యం. ఈగ కూడా రాదు. వారానికొకసారి పుల్లటి మజ్జిగ ఒక గ్లాసు చిలకరించి కర్రతో కలియతిప్పండి. చేత్తో పిడికెడు తీసి పిండితే వేళ్ల సందులోంచి ఒక చుక్క రావాలి, కారిందంటే తడి ఎక్కువ, ఇంకాసిని ఆకులు వేయండి. నిమ్మతొక్కలు ఎక్కువ వేయకండి, మాంసం ముక్కలు, నూనె, పచ్చళ్ల ఊట అసలు వద్దు, ఆ ఉప్పు మొక్కలకీ మంచిది కాదు. రెండు నెలలకి నల్లగా, పొడిపొడిగా, తొలకరి వానకి నేల తడిసినప్పటి వాసన వస్తుంది. మొదటిసారి ఆ వాసన చూసినప్పుడు నేను మా అమ్మకి ఫోన్ చేసి చెప్పా.

ఇది మొక్కల కోసమే కాదండి. తడి చెత్త డంప్‌యార్డ్‌లో గుట్ట కింద పడితే గాలి తగలక మీథేన్ అనే మండే గ్యాస్ పుడుతుంది, ఎండాకాలం గుట్టలు అంటుకునేది ఆ గ్యాస్ వల్లే. ఊట దిగి భూమిలో నీళ్లు పాడవుతాయి. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో ఏళ్ల తరబడి కలిపి పోసిన చెత్త కోటి టన్నులు దాటి పెద్ద కొండయితే దాన్ని మట్టి, షీట్లతో కప్పాల్సి వచ్చింది. విశాఖ కాపులుప్పాడలో, గుంటూరు దగ్గర చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంట్లు పెట్టారు, వాటికీ పొడి చెత్తే కావాలి, అరటితొక్కలు, అన్నం కలిసిన తడి సరుకు సరిగా మండదు కదా. మీరు ఇంట్లోనే తడిది ఆపేస్తే మిగిలిన బకెట్‌ని ఆటోలో ఎవరు ఎలా కలిపినా పొడి పొడిగానే ఉంటుంది. మీ అసలు బాధకి మందు అక్కడే ఉంది అనిపిస్తోంది నాకు.

డెట్రాయిట్‌తమ్ముడు:

అక్కా, నేను అమెరికాలో ఉంటా. ఇక్కడంతా చాలా పద్ధతిగా జరుగుతుందని ఇండియాలో అనుకుంటారు కదా, అది సగమే నిజం. ఇక్కడ ఇంటికొక పెద్ద బిన్ను ఇస్తారు, కాగితం, గాజు, ప్లాస్టిక్, డబ్బాలు అన్నీ కలిపి అందులోనే వేయాలి, తర్వాత ఎక్కడో మెషీన్లు వేరు చేస్తాయి. జనం ఏం చేస్తారంటే ఇదీ రీసైకిల్ అవుతుందేమోలే అని డౌట్ ఉన్నవన్నీ వేసేస్తారు, నూనె కారే పిజ్జా అట్ట, నీళ్ల పైపు, ఆఖరికి డైపర్లు కూడా. ఏళ్ల తరబడి ఇదంతా కట్టలు కట్టి చైనాకి పంపేవాళ్లు. 2018లో చైనా ఇంక మాకొద్దు, పంపితే శుభ్రంగా ఉండాలి అని గట్టిగా కండిషన్ పెట్టేసరికి ఇక్కడ చాలా ఊళ్లలో ఏం చేయాలో తెలీక కొంతకాలం రీసైక్లింగ్ ఆపేశారు, కొన్ని చోట్ల తగలబెట్టారు, పూడ్చేశారు. అందుకే మీరు కలిసిపోయిందని బాధపడుతుంటే నాకు ఇక్కడి పరిస్థితే గుర్తొచ్చింది.

కానీ మిషిగన్‌లో ఒకటి బాగుంటుంది. కూల్‌డ్రింక్ డబ్బా కొంటే 10 సెంట్లు డిపాజిట్ కట్టించుకుంటారు, ఖాళీ డబ్బా తెచ్చి షాపులో మెషీన్‌లో పెడితే తిరిగిస్తారు. మేం ఎమ్మెస్ చదివేటప్పుడు నలుగురం తెలుగోళ్లం ఒక రూమ్, కిచెన్ మూల పెద్ద నల్ల కవర్ ఉండేది, నెలాఖరుకి అది మోసుకెళ్తే ఆ డబ్బుతో బియ్యం వచ్చేవి. ఒక్క డబ్బా పారేసేవాళ్లం కాదు. మన దగ్గర కూడా చిన్నప్పుడు కిరాణా కొట్టులో సోడా సీసా ఇచ్చి డబ్బులు వెనక్కి తీసుకునేవాళ్లం కదా, సేమ్ అదే. తమిళనాడులో నీలగిరి జిల్లాలో మద్యం సీసాకి 10 రూపాయలు ఎక్కువ తీసుకుని ఖాళీది తెస్తే తిరిగిస్తున్నారు. అలా వెనక్కి డబ్బులొచ్చేలా మన తెలుగు రాష్ట్రాల్లో కూడా పెట్టాలని నా కోరిక. జనానికి బుద్ధి చెప్పడం కన్నా సీసాకి ధర పెట్టడం తొందరగా పనిచేస్తుంది.

సెక్రటరీసాబ్:

నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పని చూస్కుంట అక్కా, 36 ఫ్లాట్లు మావి. మీకు జరిగిందే మాకు జరిగింది. గప్పుడు నేను ఏం చేసిన అంటే గ్రౌండ్ ఫ్లోర్‌ల మీటర్ల రూమ్ పక్కన ఖాళీ జాగ ఉంటే అండ్ల మూడు పెద్ద సంచులు పెట్టించిన. ఒకటి అట్టలు పేపర్లు, ఒకటి బాటిళ్లు డబ్బాలు, ఒకటి పాల ప్యాకెట్లు. పొడి చెత్త రోజూ ఆటోకు ఇయ్యొద్దు, ఆదివారం నాడు కిందికి తెచ్చి ఎవరిది వాళ్లు వెయ్యాలె. నెలకొకసారి రద్దీ, అంటే పాత పేపర్లు, సీసాలు కొనేటాయన వచ్చి తూకం వేస్తడు, ఆ పైసలు మొత్తం మా దగ్గర ఊడ్చే అమ్మకే. మొదటి నెల 11 ఫ్లాట్లే చేసినయి, వాట్సాప్ గ్రూపుల పెద్ద లొల్లి అయింది, మెయింటెనెన్స్ కడ్తున్నం గదా మాకెందుకు ఈ పని అన్నరు కొందరు. నేను లొల్లి పెట్టలే. రెండో నెల ఆ అమ్మకు వచ్చిన పైసలు 740 అని గ్రూపుల పెట్టిన, ఆమె దాంతోటి కొడుక్కు స్కూల్ బూట్లు కొన్నది అని రాసిన, ఫోటో గీటో ఏం పెట్టలే. మూడో నెలకు 23 ఫ్లాట్లు అయినయి. ఇంకా 13 మంది చేస్తలేరు, మానకుండ అడుగుత ఉన్న.

రూల్ కూడ మన దిక్కే ఉంది. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లనే ఇంట్ల తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడు రకాలుగ వేరు చేసి ఇయ్యాలె అని పెట్టిన్రు. పాత ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు, ఎక్స్‌పైరీ అయిన మందులు ఆ మూడో రకం. అవి తడి చెత్తల అస్సలు కలపొద్దు, ట్యూబ్‌లైట్ల పాదరసం ఉంటది. సూర్యాపేట పేరు విన్నరా, 2000ల మొదట్ల రోడ్డు మీద చెత్తకుండీ అనేదే లేకుంట చేసిన్రు, ఇంటింటికి బుట్టలిచ్చి వేరు చేపిచ్చి తడి దాంతోటి వానపాముల ఎరువు తయారు చేసి అమ్మిన్రు, వేరే రాష్ట్రాల నుంచి చూడనీకె వచ్చేటోళ్లు. ఏదో విదేశం కాదు, మనూరే. ఐతది అని తెలుస్తది గందుకు చెప్తున్న.

పెరటిజామ:

అందరికీ థాంక్స్ అండి, రెండు రోజులు ఆగి రాస్తున్నా. నిన్న పొద్దున్నే నేనే మళ్లీ కిందకి దిగా. కాటాకొట్టు గారు చెప్పినట్టే ఆటోకి ఎడమ పక్క మూడు గోనె సంచులున్నాయి! మూడేళ్లుగా రోజూ వస్తున్న ఆటో, ఎప్పుడూ చూడలేదు నేను. ఒక దాంట్లో పాల ప్యాకెట్లే. అబ్బాయిని అడిగితే, అమ్మా మీ ప్యాకెట్లు తెలుస్తాయి, మీవి పొడిగా ఉంటాయి, వాటిని తడిలోంచి ఏరి మళ్లీ తుడవాల్సి వస్తోంది, విడిగా కవర్లో పెట్టి చేతికిస్తే సంచిలోకే వేసేస్తా అన్నాడు. అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాడేమో. బ్లేడ్ల సీసా చూపించి నిండాక ఇస్తానని చెప్పా, మూత గట్టిగా బిగించి ఇవ్వమ్మా అన్నాడు.

మా అమ్మాయి ఆ మూడు సంచులూ తన చార్టులో ఒక మూల కొత్తగా గీసింది. స్టీలు క్యారియర్ అత్తగారే అటక మీద నుంచి తీయించారు, ఆవిడ పెళ్లప్పటిదట, అడుగు గిన్నె కాస్త సొట్ట పోయింది గానీ మూతలన్నీ ఉన్నాయి. లక్ష్మి గారూ, శనివారం కుండ తెస్తున్నా. ఎండుటాకులకి మా ఎదురు పార్కు ఊడ్చే ఆవిడని అడిగా, రోజూ తగలబెట్టేవే కదా, సంచి తెస్తే నింపి ఇస్తానంది. చిల్లులు కుండకి ఎంత దూరం దూరంగా పెట్టాలో ఒక్కసారి చెప్పరూ.

మిద్దెతోటలక్ష్మి:

బెత్తెడు దూరం చాలమ్మా, ఒక్కో చిల్లు పెన్సిల్ దూరేంత ఉండాలి. కుండని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి పొద్దున్న చిల్లులు పెట్టండి, లేకపోతే పగులుతుంది. వేప ఆకులు ఎక్కువ వేయకండి, నెమ్మదిగా మాగుతాయి.